కింద కుడివైపు మూల

మా బావకి అక్షరమంటే మెలిక ఉండాలి. బావంటే నా మొగుడే. మేనరికం కాబట్టి పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు. గజపతినగరంలో ఆయనది పెళ్ళికార్డుల దుకాణం. "శ్రీరస్తు" అని వేస్తే ఆ మొదటి అక్షరం తోక కార్డు అంచుదాకా పాకి, అక్కడో పువ్వు పూసి ఆగాలి. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా ఆ తోకలతోనే జరిగేది. అందులో తప్పేమీ లేదు. కార్డు చేతిలో పట్టుకుని తీరిగ్గా చదువుతారు, చదవకపోయినా ఎవరి పెళ్ళో ముందే తెలుసు.

తంటా నా దగ్గర మొదలైంది. ఫోన్లలో నెట్టు చవకైన ఆ రోజుల్లో నేను జాకెట్ల కటింగ్ నేర్పే ఛానెల్ ఒకటి పెట్టాను. వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ, అదే థంబ్‌నెయిల్, తయారుచేసే పని బావ నెత్తిన పడింది. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన మనిషి ఆయనొక్కడే మరి. చేశాడు. ఎర్ర రంగు మీద పసుప్పచ్చ మెలికలు, చుట్టూ మామిడాకులు, మధ్యలో కత్తెర పట్టుకుని నేను.

"ఇదేటి బావా, నాకు మళ్ళీ పెళ్ళి సేస్తన్నావా?" అన్నాను.

"అందమంటే నీకేటి తెలుసే?" అన్నాడు.

దుకాణంలో పెద్ద తెర మీద చూస్తే నిజంగానే అందంగా ఉండేది. ఫోన్లోకి వచ్చేసరికి బొటనవేలంత అయిపోయి, వత్తులన్నీ మామిడాకుల్లో కలిసిపోయేవి. మొహం ముందు ఫోను పెట్టి "సదువు సూద్దాం" అంటే గడగడా చదివేసేవాడు. రాసినవాడికి చదవడమెంతసేపు! నాకు ఒళ్ళు మండిపోయేది.

నా వీడియోలు ఒక్కటి కూడా వదలకుండా చూసేది మా వదిన, బావకి అక్క. పాతపట్నంలో ఉంటుంది. మోకాళ్ళు అరిగి నాట్లకు వంగలేక, మెషిన్‌కి మోటారు బిగించుకుని కుట్టుపని మొదలుపెట్టింది. "ఎవుల్నీ ఏటీ అడక్కుండా నా టీ నీళ్ళు నేను తాగాల" అనేది. చిన్నప్పుడే బడి మానేసింది కాబట్టి కూడబలుక్కుని చదువుతుంది. అంత పెద్దావిడకి నేను గురువునని నాకు లోపల్లోపల గొప్పగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. 

"ఒసే, నా పరువు పోయిందే. పక్కింటి కోడలి ముప్పై ఎనిమిది సైజు పట్టుజాకెట్టు పాడు సేసీసినాను. ఆ గుంటకి సంకల దాకా కూడా ఎక్కనేదు."

"ముప్పై ఎనిమిది వీడియోయే సూసినావా వదినా?"

"అదే సూసినాను. కింద నల్ల డబ్బాలో ముప్పై ఎనిమిదని రాసున్నాది కదేటి!"

నల్ల డబ్బా ఏమిటా అని ఆ వీడియో బొమ్మ తీసి చూశాను.  వీడియో ఎంతసేపుందో చూపించే అంకెలు, తొమ్మిది నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు, కింద కుడివైపు మూల నల్ల డబ్బాలో ఉన్నాయి. అసలు సైజు ముప్పై నాలుగు ఆ డబ్బా వెనక దాక్కుంది. పెళ్ళికార్డులో వేదిక ఎప్పుడూ కింద కుడివైపే వేసే అలవాటు కొద్దీ బావ సైజు కూడా అక్కడే వేశాడు. తొమ్మిదంటే వీడియో నెంబరేమో అనుకుంది వదిన. పైన చదువుదామంటే అన్నీ మెలికలు. మొదట్లో సైజు నోటితో చెప్పాను కానీ, నా సోది ఎవరు వింటారు, ఆ ముక్క దాటించేసిందట.

"మెషిన్‌కి గుడ్డ కప్పీసినానే. అచ్చరమ్ముక్క రానిదానికి ఇయ్యన్నీ ఎందుకు?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట బావకి చెప్పాను. కోపంగానే చెప్పాను, దాచడమెందుకు. "మీ అక్కకి సదువు రాక కాదు బావా, నీ అచ్చరాలు ఎవులికీ రావు" అన్నాను. అక్క చంక దిగకుండా పెరిగిన మనిషి. కంచం ముందు కూర్చున్నవాడు ముద్ద ముట్టకుండానే లేచిపోయాడు.

మర్నాడు నా మెషిన్ మీద, దారపుండకి ఆనించి ఫోను నిలబెట్టాడు. కుట్టేవాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు, ఫోను అంత దూరంలోనే ఉంటుంది. ఒక్కో ఫాంటూ వేసుకొస్తాడు, గుమ్మం దగ్గర నిలబడి చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. సన్నవి ఆనలేదు. మరీ లావైతే అక్షరాల కడుపులు పూడుకుపోయాయి. చివరికి ఏ మెలికా లేని, ఓ మోస్తరు లావు అక్షరాలు కుదిరాయి. నల్లటి నేల మీద తెల్లగా, రెండే మాటలు. సైజు పైన ఎడమవైపుకి ఎక్కి నా మొహం కన్నా పెద్దదయ్యింది. మామిడాకులు తీసేస్తుంటే మాత్రం బావ మొహం చూడలేకపోయాను. జాలేసింది.

కొత్త బొమ్మ పంపి ఫోన్ చేశాడు. "అక్కా, సదువు."

 వదిన మెల్లగా, "జాకెట్టు... కటింగు. ముప్పై ఎనిమిది."

"నల్ల డబ్బా సూసి సెప్పనేదు కదా?"

"కాదురా, పైనున్నాది. కళ్ళజోడు కూడా ఎట్టుకోనేదు నాను!"

బావ ఫోను నా చేతిలో పెట్టి గుమ్మం బయటికి వెళ్ళిపోయాడు. కళ్ళు తుడుచుకోవడానికని నాకు తెలుసు.

వదిన మెషిన్ మీది గుడ్డ తీసింది. పర్లాకిమిడి అంతా తిరిగి అదే రంగు పట్టుగుడ్డ తెచ్చి, పక్కింటి కోడలికి మళ్ళీ కుట్టిచ్చింది. ఈసారి సరిపోయింది. అప్పట్నించి ఏ థంబ్‌నెయిలయినా ముందు పాతపట్నం వెళ్ళాల్సిందే. ఆమె తడుముకోకుండా చదివితేనే ఛానెల్లోకి ఎక్కేది.

తర్వాత కొన్నాళ్ళకి వదిన బజారులో చిన్న గది తీసుకుంది. బోర్డు తమ్ముడే చేసివ్వాలంది. దుప్పట్లో చుట్టి బస్సులో తీసుకెళ్ళాం. బోర్డు కదా, పాత మెలికలన్నీ ఇక్కడ తీర్చుకున్నాడేమోనని దారంతా నా భయం. విప్పితే ఒక్క తోక లేదు. రోడ్డుకి అవతలి టీ బడ్డీ దగ్గర నిలబడి వదిన పైకి చదివింది, చివరిదాకా. ఇవతలికొచ్చి బోర్డు మీద చెయ్యేసి తడిమింది.

అక్షరాలన్నీ పైకీ ఎడమకీ జరిగి ఉన్నాయి. కింద కుడివైపు మూల బోడిగా ఉంది.

"ఇదేటిరా, ఈ మూల ఒగ్గీసినావు? ఫోన్ నెంబరు ఎయ్యొచ్చు కదా!" అంది.

బావ తల గోక్కున్నాడు.

"ఆ మూలంటే నాకు బయ్యం అక్కా."