కారు షెడ్డుకి కంప్యూటర్ లాటరీ

మాధవరంలో మా అపార్ట్‌మెంటు వాళ్లు ఇప్పటికీ నన్ను చూసి నవ్వు ఆపుకుంటారు. నా పరువు నిండా మునిగిన ఆ కథ నేనే చెప్పేస్తాను. వేరేవాళ్లు చెబితే ఇంకాస్త మసాలా దట్టిస్తారు.

మా భవనం కింద కప్పున్న పార్కింగులో ఒక్క చోటు ఖాళీ అయింది. కారున్న ఇళ్లన్నీ దానిమీద కన్నేశాయి. మాకైతే అది తప్పనిసరి. కిందటి వానల్లో వీధిలో పెట్టిన మా కారులోకి నీళ్లొచ్చాయి, ఆ వాసన ఇంకా పోలేదు. "ఈ చోటు దొరక్కపోతే ఆ కారు నేనెక్కను," అని మా ఆవిడ సరళ తేల్చేసింది.

సెక్రటరీ గోవిందరాజులు గారు చీటీలు వేద్దామన్నారు. నేనూరుకుంటేనా! అంబత్తూరులో నా ఉద్యోగం ఆటలాడే ప్రోగ్రాములు రాయడం. అవి ఒక ఎత్తు వేసేముందు తమలో తాము వేలకొద్దీ ఆటలు గుడ్డిగా ఆడి చూసుకుని, ఎక్కువసార్లు గెలిపించిన ఎత్తు వేస్తాయి. అంటే అదృష్టంతో రోజూ కాపురం చేసేవాణ్ణి.

"కాగితం చీటీలేంటండీ? కంప్యూటర్‌తో తీద్దాం. దానికి బంధుప్రీతి ఉండదు," అన్నాను. ఆ మాట అందరూ బాగా గుర్తుపెట్టుకున్నారు.

ఆదివారం అందరూ కింద చేరారు. మీట నొక్కాను. తెరమీద మా ఫ్లాటు నంబరే వచ్చింది. చప్పట్లు కొట్టింది సరళ ఒక్కతే.

మూడో అంతస్తు కమలక్క, తమిళ నేలమీదే పురసవాక్కంలో పుట్టి పెరిగిన తెలుగావిడ, లేచింది. "ఏంది తమ్ముడూ, ఎత్తుకోగానే నీదే వచ్చె! ఇంకోసారి నొక్కు."

"తప్పకుండా అక్కా," అన్నాను దర్జాగా. మళ్లీ మాదే.

"అయ్యయ్యో, ఈడ ఏందో జరగతా ఉండాది. ఇంకోసారి!"

మళ్లీ మాదే. చప్పట్లకి ఎత్తిన చేతుల్ని సరళ మెల్లగా ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు వెలిగింది నాకు. ప్రోగ్రాములో తప్పులు వెతికేటప్పుడు, ప్రతిసారీ అవే అంకెలు రావాలని కంప్యూటర్ లెక్క మొదలుపెట్టే అంకెను మారకుండా బిగించేస్తాం. పనయ్యాక విప్పాలి. నేను విప్పలేదు. ముందురోజు పరీక్షలో మా నంబరు వస్తే, అనుమానించాల్సింది పోయి శుభశకునమని కాఫీ తాగాను.

ఇదంతా వివరించాను. నోరు మూసుకుని ఉండాల్సింది.

"అట్లంటే ఈ నంబరు వస్తాదని నీకు నిన్ననే తెలుసా?" అన్నారు గోవిందరాజులు గారు.

"తెలుసండీ... అంటే అలా తెలియడం కాదండీ. మోసం కాదు, మరిచిపోయాను."

"అన్నీ మరిచిపోయి నీ ఇంటి నంబరు మాత్రం మరవలేదే!" అంది కమలక్క.

సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి కాగితం చీటీలే. కమలక్క తనే రాసి, తనే మడిచి, తన ఇంటి గిన్నెలోనే వేసి కలిపింది. నన్ను గేటు దగ్గర నిలబెట్టారు, చేతులు కనబడేలా. ఆవిడ కళ్లు మూసుకుని ఒకటి తీసింది. విప్పి చూసి, గిన్నె బోర్లించి మిగతా చీటీలన్నీ గబగబా విప్పింది. అన్నీ వేరువేరు నంబర్లే.

"ఏమొచ్చింది అక్కా?" అని గేటు దగ్గర్నుంచే అరిచాను.

"నీదే! నా గిన్నెలోకి ఎట్ల దూరినావు నాయనా?"

జన్మకొక్కసారి వచ్చిన నిఖార్సయిన అదృష్టం. తీసుకునే మొహం లేదు. "కమలక్కకే ఇచ్చేయండి," అన్నాను. సరళ ఇంట్లోకి వెళ్లేదాకా మాట్లాడలేదు. వెళ్లాక మాట్లాడింది, అది ఇక్కడ రాయను.

కనుక మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ లాటరీకీ నా కంప్యూటరు తెరవను. ఎవరైనా నా పేరున్న చీటీ గిన్నెలో వేస్తే, తీయకముందే లేచి నిలబడి నేరం ఒప్పేసుకుంటాను.