రాయి మీద అడిగిన ఒక్క మాట

పక్క ఫ్లాట్‌లో ఉండే ఆవిడ చనిపోయే ముందు అడిగింది ఒకే ఒక్క మాట. అది కూడా దక్కలేదు.

పోలండ్‌లో వాళ్ళ జిల్లా కోర్టుకు పెద్ద జడ్జి అయిన మొదటి స్త్రీ ఆవిడే. సైనిక పాలన రోజుల్లో, సమ్మె చేసినవాళ్ళకు శిక్ష వేయనన్నందుకు ఉద్యోగం తీసేశారు. ఆ పాలన పోయాక ఎన్నికల్లో గెలిచి పార్లమెంటుకు వెళ్ళారు. భర్త పోయాక, కొడుకు ఉన్నాడని కెనడా వచ్చారు. కొడుకు దూరంగా ఓక్‌విల్‌లో ఉంటాడు. ఆవిడ నార్త్ యార్క్‌లో మా పక్కన ఒంటరిగా ఉండేవారు.

అవి మన దేశం నుంచి విద్యార్థులు విమానాల కొద్దీ దిగుతున్న ఏళ్ళు. మా అంతస్తులో హాళ్ళలో కూడా పరుపులే. రేపటికల్లా ఖాళీ చేయమని ఓనర్ ఫోన్‌లో మెసేజ్ పెడితే, మన పిల్లలు ఆవిడ తలుపు తట్టేవారు. ఇక్కడ ఆవిడ డిగ్రీ చెల్లదు. ఇక్కడి చట్టం లైబ్రరీలో కూర్చుని సొంతంగా చదువుకున్నారు. "మెసేజ్ నోటీసు కాదు. కదలకండి" అనేవారు. పిల్లలు ఆవిడను జడ్జమ్మ అనేవారు.

ఒకరోజు లిఫ్ట్ దగ్గర నన్ను ఆపారు. "ఆ చివర అమ్మ ఏమిటి? నేను జడ్జినా, జడ్జి భార్యనా?"

డాక్టరమ్మ అంటే డాక్టరేనని చెప్పాను. కలెక్టరమ్మ అంటే ఒకప్పుడు కలెక్టరు భార్య అని కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది.

"మాకూ అదే రోగం."

వాళ్ళ భాషలో జడ్జి అంటే సెంజ్యా, ఆడైనా మగైనా. సెంజీనా అంటే జడ్జి భార్య. రెండూ రాసి చూపించారు. మర్యాద అనుకుని కోర్టులోనూ పార్లమెంటులోనూ ఆవిడను సెంజీనా అనేవారట. "మా ఆయన పళ్ళ డాక్టరు. ఏ పన్నుకు ఏం తీర్పు చెప్పాడో నాకు తెలియదు."

పిల్లలకు చెప్పాను. "మరేమని పిలవాలి ఆంటీ? పేరు పెట్టి పిలవలేం కదా" అంది ఒకమ్మాయి.

"గారు అనండి. దానికి ఆడా మగా లేదు."

"జడ్జిగారూ అని తలుపు కొడుతుంటే నేనేదో కేసులో ఇరుక్కున్నట్టుంది" అన్నాడు ఇంకో కుర్రాడు. అయినా అలాగే పిలిచారు. ఆవిడకు నచ్చింది.

జబ్బు ముదిరాక ఆసుపత్రిలో కొడుకుతో, నేను సాక్షిగా ఉండాలని ఇంగ్లీషులోనే చెప్పారు: "నా సమాధి రాయి మీద సెంజ్యా అని ఉండాలి. ఇంకేమీ అక్కర్లేదు." అతను "ఓకే మామ్" అన్నాడు.

ఆ చలికాలమే ఆవిడ పోయారు. మంచు కరిగాక సమాధి రాయి పెట్టారు. పేరు పెట్టి పిలవలేమన్న ఆ అమ్మాయీ నేనూ వెళ్ళాం. పేరు ఉంది. ప్రేమగల తల్లి, నానమ్మ అని ఉంది. పేరు ముందు సెంజీనా అని ఉంది.

అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ చేశాను.

"ఆడవాళ్ళకు ఆ మాటే వాడాలనుకున్నాను. చర్చి ఫాదర్ కూడా చూశారు, గౌరవంగా ఉందన్నారు."

"ఆవిడ వద్దన్న మాట అదే. మార్పించండి."

"చెక్కింది ఎలా చెరుపుతాం మేడమ్? రాయే మార్చాలి. అయినా తప్పేముంది, అందరూ అలాగే అంటారు కదా."

ఫోన్ పెట్టేశాను.

"ఏమన్నాడు ఆంటీ?" అంది అమ్మాయి.

"అందరూ అలాగే అంటారట."