బావ పెట్టెలో తొమ్మిదో నంబరు

ముందుగా నా చేతిరాతకూ తప్పులకూ మన్నించండి. నేను చదివింది ఊరి బడిలో అయిదో తరగతి దాకానే. ఇప్పుడు కళ్ళు కూడా మసక. అందుకే అక్షరాలు ఇంతింత పెద్దవిగా వేస్తున్నాను. చూసి, ముసలాయన కోపంగా రాశాడని అనుకోకండి. పత్రికవాళ్ళు దిద్ది అచ్చు వేస్తామన్నారు.

మా బావ పోయాడు. పోయిన నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం. భోంచేసి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఏదైనా శ్రద్ధగా వినేటప్పుడు ఆయన అలాగే ఉంటాడు. ఆయన వినేది చెడగొట్టకూడదని అక్కా నేనూ మాట్లాడకుండా కూర్చున్నాం. చాలాసేపు అలాగే కూర్చున్నాం. బయట సముద్రం మోగుతూనే ఉంది.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ళది ఎన్నో తరాలుగా, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఈ ఊరే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కొంచెం ఫ్రెంచి. తెలుగు గలగలా మాట్లాడతాడు కానీ ఒక్క అక్షరం చదవలేడు. నేను అక్క వెనకాలే నెల్లూరు పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడ మిల్లులో చేరినవాణ్ణి. నాకు తెలుగు తప్ప వేరే అక్షరం రాదు, ఇంగ్లీషు అంకెలు మాత్రం గుర్తుపడతాను. నలభై ఏళ్ళు కురుచికుప్పం పేట పక్కన ఒకే వీధిలో ఉన్నాం. ఒకరు రాసింది ఒకరు చదవలేం, అక్క బడికే వెళ్ళలేదు. చదవాల్సిన పనీ పడలేదు, ఆ పెట్టె వచ్చేదాకా.

బావ కరెంటు శాఖలో లైన్‌మన్. పగలు స్తంభాలెక్కేవాడు, సాయంత్రాలు పెళ్ళి కచేరీల్లో గిటార్ వాయించేవాడు. రిటైరయ్యాక కచేరీలు మానేశాడు, గిటార్ మానలేదు. కచేరీ రోజుల స్నేహితుడొకాయన ఫ్రాన్సు నుంచి వస్తూ ఆ పెట్టె తెచ్చిచ్చాడు. గిటార్ ఆంప్లిఫయర్. నల్లగా, బియ్యం డబ్బా అంత ఉంటుంది. ముందువైపు గుబ్బలు, ఒక చిన్న అద్దం, ఆ అద్దంలో ఎర్రగా వెలిగే అంకె.

అది మామూలు ఆంప్లిఫయర్ కాదు. శబ్దాన్ని మనమే తయారుచేసి అందులో దాచుకోవచ్చు. ఒక్కో శబ్దానికి ఇరవై అంకెలు. ఎంత గట్టిగా, ఎంత మెత్తగా, ఎంతసేపు ప్రతిధ్వని, అలాంటివి. కంప్యూటరుకు తీగ కలిపి, అందులోని ప్రోగ్రాంతో ఆ అంకెలు మార్చాలి. బావ సందు చివర కంప్యూటర్ సెంటర్లో వారానికి ఒక మధ్యాహ్నం కూర్చునేవాడు. సెంటర్ నడిపే ఆవిడ ఓపికైన మనిషి. పెట్టెను సంచిలో పెట్టి మోసుకెళ్ళేవాణ్ణి నేను.

ఆయన శబ్దాలకు పేర్లు పెట్టేవాడు, కొన్నిటికి ఈ ఊరి పేటలవి. మొదటిది 'వైతికుప్పం పొద్దు'. అయిదోది 'మురుంగపాక్కం వాన'. ఏడోది 'ఎండు చేప'. అది వింటే మా అక్క ముక్కు మూసుకునేది. తొమ్మిదోది 'పడవ'. వాయించి చూసి, తల అడ్డంగా ఊపి, "ఇంకొంచం ఉప్పు కావాల" అనేవాడు. ఏ అంకె పెంచితే ఉప్పు పెరుగుతుందో ఆయనకే తెలుసు.

ఒక రోజు సెంటరావిడ మమ్మల్ని గుమ్మంలోనే ఆపింది.

"అంకుల్, ఆ పెట్టె కంపెనీవాళ్ళు ఇంక ఆ ప్రోగ్రాంకు సపోర్ట్ లేదని చెప్పేసినారు. కొత్త కంప్యూటర్లలో అది ఎక్కదు. నేనూ పాతదాన్ని శనివారం తీసేస్తాండా."

"అప్పుడు నా శబ్దాలు?"

"పెట్టెలో ఉంటాయి అంకుల్. లోపల ఒక చిన్న బ్యాటరీ ఉండాది. అది ఉన్నంతకాలం ఉంటాయి. అది పోతే తిరిగి ఎక్కించేదానికి కంప్యూటర్ ఉండదు. అంకెలు రాసిపెట్టుకుంటే, పెట్టె మీదనే బొత్తాం పట్టుకుని ఒక్కొక్కటీ తిప్పుకోవచ్చు. లేటవుతుంది, అంతే."

బావ నా వైపు తిరిగాడు. "పో రా, నోట్‌బుక్ తే."

ఆ మధ్యాహ్నం నాకు కల లాగానే గుర్తుంది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. తెర మీద నీలం వెలుగు. బావ ఇంగ్లీషు పేర్లు చదివి చెబుతున్నాడు, నేను పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాస్తున్నాను. అంకెలు కూడా మా ఊరి అయ్యవారు నేర్పిన తెలుగు అంకెలే వేశాను. చెయ్యి దానంతటదే వేసింది. ఎనిమిది శబ్దాలయ్యాక బావ గొంతు ఎండిపోయింది. "పేర్లు అన్నిటికీ అవే, వరస అదే. నువ్వు అంకెలు మాత్రం దించుకో" అని టీకి పోయాడు. తొమ్మిదోది నేనొక్కణ్ణే రాశాను. తిన్న అన్నం కళ్ళ మీదికి వచ్చింది. తల ఒకసారి వాలింది, లేచింది. చివర ఒక గడి ఖాళీగా మిగిలింది. పై అంకే మళ్ళీ ఉంటుందిలే అనుకుని అదే వేసేశాను. పదోదానికి బావ తిరిగొచ్చాడు.

ఇంటికొచ్చి నోట్‌బుక్ తెరిచాక బావ చాలాసేపు చూశాడు.

"ఏంది రా ఇది? ఇసుకలో ఎండ్రకాయలు నడిచినట్టుండాది."

"తెలుగు బావా."

"నాకు రాదని తెలీదా నీకు?"

"రాయమన్నావు. రాసినా."

అక్క నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. బావ ఆమెతో అన్నాడు: "చూడు, మీ తమ్ముడు నలభై ఏండ్లు నోరు తెరవకుండా ఉండి, ఇప్పుడు నా శబ్దాలన్నిటికీ బీగం వేసి బీగంచెవి తానే మింగినాడు."

ఏడాదిలోపే పెట్టె బ్యాటరీ పోయింది. ఆవిడ కొత్తది వేసిచ్చింది. లోపల అన్నీ ఒకే రకం శబ్దాలు, కంపెనీవి. అప్పటినుంచి మా ముగ్గురి పని మొదలైంది. నేను చదవాలి. బావ ఒక చేత్తో బొత్తాం పట్టుకుని ఇంకో చేత్తో గుబ్బ తిప్పాలి. రెండు చేతులూ పెట్టె మీదే కనుక, గిటార్ అక్క ఒళ్ళో. ఒక్కో అంకె అవగానే ఆమె బొటనవేలితో తీగలన్నీ ఒకసారి మీటాలి.

"మూడోది, నలభై ఆరు" అని నేను.

"నలభై ఆరు" అని బావ.

ఝుమ్మని అక్క.

బావ కళ్ళు మూసుకునేవాడు. "వచ్చేది కాదు వినాల్సింది. పొయ్యేది వినండి" అనేవాడు. ముగ్గురం శబ్దం వెళ్ళిపోయేదాకా కదిలేవాళ్ళం కాదు. అది ఎక్కడ అయిపోయిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఇలా ఒక్కో శబ్దానికి ఒక మధ్యాహ్నం. నా జీవితంలో నేను అంత ఎక్కువగా మాట్లాడింది ఆ మధ్యాహ్నాల్లోనే. అన్నీ అంకెలే, అయినా మాటలే కదా. నా చేత మాట్లాడించినందుకు బావకు ఒకసారైనా సంతోషం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

తొమ్మిదోది పెట్టిన రోజు అక్క మీటగానే బావ కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఇంకోసారి మీటమన్నాడు. ఆ శబ్దం ముందు విన్న పడవ కాదేమోనని నాకూ అనిపించింది. పడవ వెళ్ళిపోయాక నీళ్ళ మీద మిగిలేది ఏదో అందులో ఉంది. నేను నోరు తెరిచేలోగా బావే అన్నాడు.

"సరిగ్గా ఉండాది. పదికి పోదాం, రేపు."

అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఆయన వాయించింది తొమ్మిదోదే. మిగతావి చుట్టాలొస్తే వినిపించేవాడు. వాయించడం అయ్యాక ఉప్పు గాలి తగలకుండా పెట్టె మీద తన తువ్వాలు కప్పేవాడు, అంచులు సర్ది మరీ.

బావ పోయిన పదకొండో రోజున అక్క పెట్టెకు స్విచ్ వేసింది. తొమ్మిది నొక్కింది. తీగలు మీటింది. వచ్చింది కంపెనీ శబ్దం. బ్యాటరీ మళ్ళీ పోయి ఉంది, ఎప్పుడు పోయిందో తెలియదు. సెంటరావిడ ఇంటికే వచ్చి కొత్తది వేసింది. నోట్‌బుక్ తిరగేసి, "మా ఇంట్లోనూ తెలుగే అంకుల్, చదివేదానికి రాదు" అని నా చేతికిచ్చింది.

నేను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎండలో పెట్టి చూశాను. పేజీ అంతా బూడిద రంగు పొగ. కంట్లో నరం దెబ్బతిందని, ఇక తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పాడు. ఇలా పెద్దగా రాయగలను కానీ, నేను పెన్సిల్‌తో రాసిన ఆ చిన్న అక్షరాలు చదవలేను.

నోట్‌బుక్ మూసి అక్క చేతికిచ్చాను, ఆమెకు అర్థమైంది. ఆమె ఇంకొకటి చెప్పింది.

"ఎవురు చదివినా తొమ్మిదోదాన్ని దిద్దకూడదు రా. నువ్వు రాసినట్టే చదవాల."

"దిద్దేదేముంది అక్కా?"

"నువ్వు దాంట్లో ఒక వరస మింగేసినావంట. ఆడనుంచి కింద అంకెలన్నీ ఒక మెట్టు పైకెక్కినాయంట. తను పెట్టిన అంకెలు కొన్నైనా గుర్తుంటాయి గదా, మీ బావకు ఆ రోజే తెలుసు."

"తెలిసి చెప్పలేదా?"

"ఆ సాయంత్రం నాతో అన్నాడు. ఇంత కాలం నేను వెతికింది వాడు నిద్రలో రాసేసినాడు, చెప్పమాక, చెప్తే వాడు దిద్దేస్తాడు, అని."

నేను బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ప్రతి సాయంత్రం మా వీధిలో వినబడింది నా కునుకు. నన్ను సిగ్గుపడనివ్వకుండా ఆయన దాన్ని వాయిస్తూ వచ్చాడు.

అందుకే ఈ ఉత్తరం. పని ముగ్గురిది. గుబ్బ తిప్పడం అక్క నేర్చుకుంటోంది. బావ చోటు ఆమెది. ఆమె చోటు నాది, తీగలు నేను మీటుతాను. చదివే నా చోటే ఖాళీగా ఉంది. మా వీధిలో ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారు, చదివేవాళ్ళు లేరు. ఈ పత్రిక చదువుతున్నారంటే మీకు వచ్చు. తెలుగు అంకెలు తెలియకపోతే నేలమీద పెద్దగా గీసి నేను నేర్పుతాను, పదే కదా. ఒక్క మధ్యాహ్నం వస్తే చాలు. తప్పు కనబడినా ఉన్నది ఉన్నట్టు చదవండి.

ఒక సంగతి దాచకూడదు. అక్కకు చెవి తగ్గుతోంది. నిరుడు వినబడిన బస్సు హారన్లు ఇప్పుడు ఆమెకు వినబడటం లేదు. సముద్రం ఇంకా వినబడుతుందంటుంది.

పత్రిక ఆఫీసుకు రాస్తే నాకు చేరుస్తారు. త్వరగా జవాబు రాయండి. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క తువ్వాలు తీసి మడిచి పక్కన పెడుతుంది. అద్దంలో ఎర్రగా తొమ్మిది వెలుగుతుంది. బొత్తాం మీద వేలు ఆనించి, బావ లాగే నోరు కొంచెం తెరిచి, ఎవరో మొదటి అంకె చెబుతారని చూస్తూ కూర్చుంటుంది. నా బొటనవేలు తీగ మీద ఉంది.