సిరా అంటని బొటనవేలు

విశాఖలో స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో, మల్కాపురం బస్సులో చేపలమ్మే ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఆ పూట ఆమె ఒళ్లో గంప లేదు, స్టాంపు కాగితాలున్నాయి. ఓడ మీద పనికెళ్లిన తమ్ముడు తన స్థలం అమ్మిపెట్టమని ఆమె పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడట.

"ఇద్దరన్నలుండగా నా పేరునే రాసినాడు బాబూ," అంది, కాగితాలు నిమురుతూ.

"మరి అమ్మేశారా?" అన్నాను.

"బ్రోకరు ఖాళీ కాగితమెట్టి, ఏలుముద్ర ఎయ్యి, మిగతాది నాను రాసుకుంతానన్నాడు. నాకు సదువు రాదు. కాగితం ఖాళీగా ఉందని తెల్డానికి సదువెందుకు? లేచొచ్చేసినాను."

"తమ్ముడు కోప్పడడా?"

"అమ్మడానికి పవరిచ్చినోడు, అమ్మకుండా లేచొచ్చీడానికీ ఇచ్చినట్టే కదేటి!"

అంటూ ఎడమ బొటనవేలు నా కళ్ల ముందు నిలబెట్టింది. చేపల పొలుసులు గీకి గీకి గరుకెక్కిన వేలు. సిరా మరక లేదు. పతకం చూపించినట్టే చూపించింది.

తర్వాత నేను ఆఫీసరునయ్యాను. "ఇక్కడో సంతకం పడేయండి సార్, మిగతాది మేం నింపుకుంటాం" అని ఎంతోమంది కాగితాలు ముందు పెట్టారు. ప్రతిసారీ నా చెయ్యి పెన్నుకు మూత పెట్టేసింది.