చెవికాడికి పోయిన మనిషి

ఇది ఒక వీరగాథ. ఇందులో ఒంటరి మనిషి ఉంటాడు, ఖాకీ బలగం ఉంటుంది, నడిబజారులో యుద్ధం ఉంటుంది, చివర్లో న్యాయం గుర్రమెక్కి వస్తుంది. ఇట్లా మొదలుపెడితే చదివేవాళ్లు కుదురుగా కూర్చుంటారని రాశాను. నిజానికి యుద్ధమేమీ జరగలేదు. యుద్ధమంటే రెండు వైపులా కొట్టుకోవాలి. గుర్రం సంగతి వదిలేయండి, న్యాయానికి మా రూట్లో బస్సు కూడా ఉన్నట్టు లేదు.

మా అన్న సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే మరమగ్గాలు. కార్ఖానాలో అవన్నీ ఒక్కసారి మొదలైతే, పక్కన పిడుగు పడినా ఎవరో రేకు డబ్బా కింద పడేశారనుకుంటారు. అక్కడ మాట్లాడడానికి ఒకటే పద్ధతి. ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేసి, దగ్గరికి లాగి, చెవిలో అరవాలి. బీడీ అడిగినా అంతే, బిడ్డ పుట్టిందని చెప్పినా అంతే. ఏళ్ల తరబడి అట్లా బతికి అన్నకు చెవులు మందగించాయి, గొంతు పెరిగింది. ఇంట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. జగిత్యాలలో నేను పనిచేసే సెల్‌ఫోన్ దుకాణానికి ఆయన ఫోన్ చేస్తే, గిరాకీలందరికీ మా ఇంటి విషయాలు తెలిసిపోయేవి.

"అన్నా, నీకు ఫోనెందుకే? వాకిట్ల నిలవడి మాట్లాడు, జగిత్యాలకు ఇనవడ్తది" అనేవాణ్ని.

"ఏందిరా తమ్మీ? గట్టిగ చెప్పు!" అనేవాడు.

కోరుట్లలో మా అక్క కొడుక్కి చెవులు కుట్టించాలనుకున్నారు. పిల్లవాణ్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలి. పెద్ద మేనమామ అన్నే. కొత్త అంగీ వేసుకుని, నాకోసం జగిత్యాల మీదుగా చుట్టు తిరిగి వచ్చి, నన్ను బండి ఎక్కించుకున్నాడు. తీరా కోరుట్ల చేరేసరికి ఏదో ఊరేగింపు ఉందని చౌరస్తాలో బారికేడ్లు పెట్టారు. అక్క ఇంటి ముందు వేసిన టెంటు అవతల కనబడుతూనే ఉంది. అన్న బండి నాకు అప్పగించి, దారి అడగడానికి ఎస్సై దగ్గరికి నడిచాడు.

చుట్టూ డప్పులు, మైకులు. అంత చప్పుడులో మాట్లాడడం అన్నకు బాగా వచ్చిన విద్య. ఎస్సై భుజం మీద చెయ్యి వేశాడు. దగ్గరికి లాగాడు. చెవిలో అరిచాడు.

"సార్! నా మేనల్లుడు సార్! నా ఒళ్లెనే కూసోవాలె!"

టెంటు కింద మా అక్కకు వినబడిందట. ఎస్సై మాత్రం తోసేశాడు. వినబడలేదేమో అనుకుని అన్న మళ్లీ దగ్గరికి పోయాడు.

"నా మీదికే అస్తవారా?"

లాఠీ లేచింది. అన్న కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు అక్కడే పోయింది. తర్వాత కింద పడ్డ మనిషిని ఇంకో ఇద్దరు వచ్చి కొట్టారు. కింద పడ్డవాడు ఎవరి మీదికి వస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. "సార్, ఆయినకు చెవులు ఇనరావు సార్!" అంటూ అన్న మీద పడుకున్నాను. నాకూ తగిలాయి. అవి లెక్కలోకి రావు, నా వీపుతో సాంచాలు నడపరు కదా.

ఎముక అతికింది, వంకరగా. పోగు తెగిన వెంటనే ముడి వేయాలి, ఆ వేళ్లు ఇప్పుడు ఒకదాన్నొకటి అందుకోవు. అన్న నూలు కండెలు చుట్టే పనికి మారాడు. మేనల్లుడి చెవులు ఇంకా కుట్టలేదు. పెద్దమామ చెయ్యి బాగయ్యాకే అంటోంది అక్క. అన్న మీద కేసు కూడా పెట్టారు, విధుల్లో ఉన్న అధికారి మీద దాడి అని.

"పానం దక్కింది, ఊకో కొడుకా. పోలీసోల్లతోని మనకేంది?" అంది అవ్వ.

"నాకేమద్దు అవ్వా. నేను మీదికి పోలే, చెవికాడికి పోయిన. గంతే రాయమను."

ఆ మాట ఎంత చిన్నగా అన్నాడంటే, ఏమన్నావని అవ్వ మళ్లీ అడగాల్సి వచ్చింది. మా ఇంట్లో అది మొదటిసారి. డాక్టరు చేతికే ఎక్స్‌రే తీశాడు. గొంతు మీద ఎవరూ కొట్టలేదు కదా.

జగిత్యాలలో పై అధికారికి ఫిర్యాదు ఇచ్చాం, విచారణ వేశారు. చౌరస్తాలో కెమెరాలున్నాయి. హెల్మెట్ లేని నా మొహాన్ని ఎన్నడూ వదిలిపెట్టని కెమెరాలు. ఆ రోజు మాత్రం పని చేయలేదట.

విచారణాధికారి మర్యాదస్తుడు. ఫ్యాన్ వేయించాడు, నీళ్లు ఇప్పించాడు. ఎస్సై రాసిచ్చిన జవాబు చదివి వినిపించాడు. భుజం పట్టుకున్నాడు, లాగాడు, గట్టిగా అరిచాడు. ఒక్క అబద్ధం లేదు. నాకు భయమేసింది అందుకే.

"ఇగ నువ్వు చెప్పు, ఏమైందో."

అన్న పెదాలు కదిలాయి.

"ఇనవడ్తలేదు, గట్టిగ చెప్పు."

"సార్, నేను చెప్త" అన్నాను.

"నువ్వు గాదు. ఆయిననే చెప్పాలె."

అన్న లేచాడు. మధ్యలో బల్ల ఉంది. దాన్ని చుట్టి ఆయన చెవి దాకా పోతే చెప్పగలడు. కుడిచెయ్యి కొద్దిగా లేచింది కూడా. తలుపు దగ్గరి కానిస్టేబుల్ ఒక అడుగు ముందుకేశాడు. అన్న కూర్చుని, చేతిని ఒళ్లో దాచుకున్నాడు. ఇట్లాంటప్పుడు నాకు ఏదో ఒక జోకు తోస్తుంది. తోచింది. వేయలేదు.

అడిగినా జవాబు చెప్పలేదని రాసుకుని, అధికారి వాయిదా వేశాడు.

బయట మెట్ల దగ్గర అన్న ఎడమచెయ్యి నా భుజం మీద పడింది. నన్ను దగ్గరికి లాగాడు. అలవాటు కొద్దీ నేను చెవి బిగబట్టుకున్నాను. ముందు ఊపిరి మాత్రమే వినబడింది.

"తమ్మీ, నేను మీదికి పోలే గదరా?"

"పోలే అన్నా! పోలే!" నేను అరిచిన అరుపుకు ఆఫీసు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. అన్న ఒకసారి అటు చూసి, నా నోటి మీద చెయ్యి పెట్టాడు.

వచ్చే వాయిదాకు ఆధార్ జిరాక్స్ తేవాలట, రెండు వైపులా. ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణం మధ్యాహ్నం అన్నానికి మూస్తారు. బస్టాండు దగ్గరిది తెరిచే ఉంటుంది.