టవలు మీద కాటుక

జంతువుల సినిమా వస్తే మా ఇంట్లో నా భార్య ఏడుస్తుందని చుట్టాలందరికీ తెలుసు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం. ఏడ్చేది నేనే.

కొన్నేండ్ల కింద ఒక రోజు మొదటి షిఫ్టు డ్యూటీ దిగి, స్నానం చేసి, తెల్ల టవలు భుజాన వేసుకుని టీవీ ముందు కూర్చున్నాను. సినిమాలో, సంతలో అమ్మేసిన ఎద్దు పలుపు తెంపుకుని, నాలుగూళ్ళు దాటి, తనను పెంచిన ముసలాయన వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆయన చెయ్యి నాకింది. నేను టవలుతో మొహం కప్పుకున్నాను.

బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు ఎంత తోముకున్నా కనురెప్పల అంచున బొగ్గు మిగిలే ఉంటుంది. కొత్తవాళ్ళు చూస్తే కాటుక అనుకుంటారు. ఏడిస్తే అదంతా దిగిపోతుంది. టవలు మీద రెండు నల్లటి చారలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే మా బామ్మర్ది వచ్చాడు.

"ఏంది బావా, గీ మరకలు?"

"మీ అక్కయి. సిన్మా చూసి ఒకటే ఏడుసుడు. కాటుక."

చాయ్ తెస్తున్న నా భార్య ఆ మాట విన్నది. నా వైపు ఒకసారి చూసి, కప్పులు పెట్టి వెళ్ళిపోయింది.

బామ్మర్దికి అంతే చాలు. పెండ్లిళ్ళలో, పండుగల్లో అదే పాట. "అక్కా, టీవీల మేకపిల్ల తప్పిపోయిందట. బకెట్ తెచ్చుకో!" అందరూ నవ్వేవాళ్ళు. నేను ఇంకా గట్టిగా నవ్వేవాణ్ణి. ఆమె మాత్రం మెల్లగా సినిమాలకు కూర్చోవడం మానేసింది. "మీరు చూడుండ్రి, నాకు పనుంది" అనేది. అంతకుముందు కథ బరువెక్కితే పల్లీల గిన్నె నా వైపు జరిపేది, ఏమీ అనకుండా. ఆ గిన్నె లేక నాకు సినిమా చూసినట్టే ఉండేది కాదు.

మొన్న ఆదివారం బామ్మర్ది అన్నానికి వచ్చాడు. టీవీలో ఏనుగుపిల్ల తల్లి కోసం వెతుకుతోంది.

"అక్కా, జల్ది రా! కాటుక జర భద్రం!"

వంటింట్లో ఆమె గిన్నెలు తోముతూనే ఉంది. నేను టీవీ చప్పుడు తగ్గించాను.

"మీ అక్క కాటుక పెట్టంగ ఎన్నడన్న చూసినవారా?"

వాడు ఆలోచనలో పడ్డాడు. "లేదు... మరి గా మరకలు?"

"నాయి. బాయి బొగ్గు."

"ఎద్దు కోసం ఏడ్చినవా బావా!"

"ఎద్దుకు, మేకపిల్లకు. ఒకపాలి బాతుక్కూడ."

"బాతుకా!" వాడు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు.

నా భార్య చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. "టవల్లు ఉతికేదాన్ని, నాకు తెల్వదా? కాటుకైతే జిడ్డుంటది, సబ్బు రుద్దాలె. గిది నీళ్ళల్ల ఏస్తెనే పోయింది."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి అక్కా?"

"అన్నోడే చెప్పాలె గద."

అప్పుడు తట్టింది నాకు. ఎద్దు సినిమా తర్వాత మా ఇంట్లో తెల్ల టవలు మళ్ళీ రాలేదు. స్నానానికి నాకు ఎప్పుడూ ముదురు నీలం రంగుదే ఇస్తోంది.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. ఏనుగుపిల్ల ఏటి ఒడ్డుకు చేరింది. అవతల తల్లి తొండం ఎత్తింది. పల్లీల గిన్నె నా వైపు జరిగింది. నేను దాచుకోకుండా, భుజం మీది నీలం టవలుతో మొహం తుడుచుకున్నాను.

కాసేపటికి బామ్మర్ది గొంతు సవరించుకున్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

"బావా, గా టవలు జర ఇటియ్యి."