ఏడు తలల పాముతో రాజీ

మా ఆవిడ రాసిన నవలని ఆటగా మార్చాలన్న బుద్ధి నాకెందుకు పుట్టిందో గానీ, ఆ ఆదివారం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను. ఆరు లాంగ్ నోట్‌బుక్కుల నవల అది. కొండ మీద ఏడు తలల పాము ఒకటి నీళ్ళకి అడ్డంగా చుట్టుకుని పడుకుంటుంది. కింద ఊళ్ళన్నీ ఎండిపోతుంటే, మంత్రం తెలిసిన ఒక పిల్ల దాన్ని చంపడానికి బయల్దేరుతుంది. మంత్రం వేసినప్పుడల్లా ఆ పిల్ల జ్ఞాపకాల్లోంచి ఒకటి చెరిగిపోతుంది. ఇద్దరు ప్రచురణకర్తలు వెనక్కి పంపారు. "చదివేవాళ్ళు లేనప్పుడు ఎందుకండీ ఈ రాతకోతలు" అంది ఆవిడ. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు.

కాలేజీ రోజుల్లో విజయవాడ హాస్టల్లో ఒక ఆట ఆడేవాళ్ళం. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, తామైతే ఏం చేస్తారో చెబుతారు. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. "చదవకపోతే మానె, ఆడిద్దాం" అన్నాను. ఆవిడ ఒక షరతు పెట్టింది. "ఒక్క ఆదివారం. ఒక్కరికైనా నా కథ పట్టిందనిపిస్తే రాస్తాను. లేకపోతే పుస్తకాలన్నీ నీళ్ళ పొయ్యిలోకే. అప్పుడు మీరు నోరెత్తకూడదు" అంది. సరేనన్నాను.

లెక్కల మాస్టర్ని కదా, రెండు నెలలు కూర్చుని రూల్సు రాశాను. కత్తి దెబ్బకి ఎంత, కోర కాటుకి ఎంత, ఒక్కో తలకి ఎంత ప్రాణం, అన్నీ పట్టికలే. తిరువూరంతా గాలించినా అలాంటి పాచిక దొరక్క ఆన్‌లైన్లో తెప్పించాను. అసలు ఆటలో మంత్రానికి శక్తి ఖర్చవుతుంది. మా ఆవిడ లోకంలో జ్ఞాపకం ఖర్చు కావాలి. అందుకని ఒక్కొక్కరి కాగితం మీద పది గీతలు గీసి, పైన "పది జ్ఞాపకాలు" అని రాసి ఊరుకున్నాను. పాత్రకి కల్పించి రాయాలని చెప్పడం మర్చిపోయాను. బుద్ధి గడ్డి తింది!

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరొచ్చారు. ఒకరు మా ఆవిడ అన్నయ్య, వినగడపలో మామిడి తోట చూసుకుంటాడు, పుస్తకమంటే ఆమడ దూరం. ఇంకొకరు పక్కింటి రిటైర్డ్ టీచరుగారు. చార్టు మీద నేను గీసిన కొండని చూసి మా బావ, "పాముంది సరే, నిచ్చెనలేవి బావా?" అన్నాడు.

జ్ఞాపకాలు రాయమంటే ఇద్దరూ తలలు వంచుకుని పరీక్ష రాసినట్టు రాశారు. తొంగి చూశాను. బావ కాగితం మీద మొదటిది, "సెమీ క్రిస్మస్ నాటకంలో గొర్రె వేషం". టీచరుగారు మార్జిన్ కొట్టి మరీ రాశారు, "మొదటి పోస్టింగులో పిల్లలిచ్చిన కోడిపెట్ట". అన్నీ సొంతవే! ఇవి కాదండీ అనబోయాను. టీచరుగారు అప్పటికే పెన్నుకి మూత పెట్టేశారు.

పాము దగ్గరికి చేరారు. "కత్తి దూస్తారా, మంత్రం వేస్తారా?" అన్నాను గంభీరంగా.

"తొందరెందుకు బావా? పెద్దమనుషుల్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టి మాట్లాడదాం. దానికీ ఏదో ఇబ్బంది ఉండే ఉంటుంది" అన్నాడు బావ.

"ఏడు తలలున్నాయి కదా, ఒక్కటన్నా మన మాట వినదూ?" అన్నారు టీచరుగారు.

గంటసేపు పంచాయితీ నడిచింది. వారంలో నాలుగు రోజులు పాముకి, మూడు రోజులు ఊళ్ళకి నీళ్ళ వంతు అన్నారు. నా పట్టికల్లో ఒక్క అంకె పనికి రాలేదు. "అది పాము బావా, మీ పక్క చేను ఆసామి కాదు!" అని అరిచాను. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు.

"పాము ఒప్పుకోలేదు" అన్నాను కసిగా, పాచికైనా వెయ్యకుండా. "మీ మీదికొస్తోంది. మంత్రం వేస్తేనే బతుకుతారు. తలా ఒక జ్ఞాపకం కొట్టెయ్యండి."

టీచరుగారు తన పదీ పైనుంచి కిందికి చదువుకున్నారు. "ఇందులో ఇచ్చేదేదీ లేదండీ. నన్ను పాముకే వదిలెయ్యండి."

"నేనిస్తాను. నాదొకటి ఎప్పుడు పోతుందా అని చూస్తున్నా" అని బావ ఆఖరి గీత మీద పెన్ను పెట్టాడు. "అమ్మ పోయిన రోజు" అని ఉందక్కడ.

మా ఆవిడ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "వద్దన్నయ్యా. అది కొట్టేస్తే ఆ రోజుని నేనొక్కదాన్నే మొయ్యాలి."

"ఆటేగా అమ్మాయ్" అన్నాడు గానీ కొట్టెయ్యలేదు. పెన్ను పక్కన పెట్టాడు. "నీ కథలో ఆ పిల్ల వాళ్ళమ్మని మర్చిపోతుందా?" అని అడిగాడు.

"మూడో పుస్తకంలో. ఒక్క వాక్యంలో."

"ఒక్క వాక్యమా! ఎట్లా రాశావే అట్లా? ఆ పిల్లకి మనసనేది లేదా?" అని బావ లేచి నిలబడ్డాడు.

ఆవిడ లేచి లోపలికెళ్ళిపోయింది. అయిపోయింది, ఇక పొయ్యిలోకే అనుకున్నాను. బావ మీద పట్టరాని కోపమొచ్చింది. మూడో నోట్‌బుక్కు పట్టుకుని ఆవిడ తిరిగొచ్చింది. మా మధ్యే కూర్చుని ఒక పేజీ అడ్డంగా కొట్టేసి రాయడం మొదలుపెట్టింది.

"మరి పాము సంగతి?" అన్నారు టీచరుగారు మెల్లిగా.

"కాస్త ఆగండి" అంది తలెత్తకుండా. "ఆ పిల్లకి ఒక అన్నని పెడుతున్నాను."